వాళ్ల కేస్ స్టడీ, నా మయస్థీనియా

ఒంట్లో ఏదో తేడాగా ఉందని నాకు మొదటిసారి తెలిసింది ఆన్‌లైన్ క్లాసులో, అందరూ చూస్తుండగా. అప్లైడ్ సైకాలజీ కోర్సులో చేరి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. సాయంత్రం క్లాసు. సార్ నన్ను స్లైడ్ చదవమన్నారు. రెండు వాక్యాలు బాగానే చదివాను. తర్వాత ప్రతి అక్షరం రెండుగా కనిపించడం మొదలైంది. జలుబు చేసినవాళ్లలా మాట ముక్కులోంచి రాసాగింది. కుడికంటి రెప్ప దానంతటదే కిందికి జారింది. "రజిత గారూ, నా క్లాసు మరీ అంత నిద్ర తెప్పిస్తోందా?" అన్నారు సార్. స్క్రీన్ నిండా నవ్వే బొమ్మలు పడ్డాయి. నేనూ నవ్వబోయాను. పెదాలు పైకి లేవలేదు. కెమెరాలో నా మొహం ఎవరినో కసురుకుంటున్నట్టు ఉంది.

మాది కాజీపేట. మా ఆయన గూడ్స్ బండి గార్డు. రైల్వే క్వార్టర్స్‌లో ఉంటాం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్‌ని. సైకాలజీ కోర్సు చేస్తే పిల్లలకు కౌన్సెలర్‌గా పెడతామని మేనేజ్‌మెంట్ మాట ఇచ్చింది. ఏళ్ల తరబడి బోర్డు ముందు నిలబడి అరిచీ అరిచీ విసిగినదాన్ని. కుర్చీలో కూర్చుని మెల్లగా మాట్లాడే ఉద్యోగం అంటే ఎగిరి గంతేశాను.

ఆ క్లాసు తర్వాత ఒక్కొక్కటే మొదలయ్యాయి. ఆదివారం మటన్ తింటుంటే దవడ సగంలో ఆగిపోయేది. గడ్డం కింద చెయ్యి పెట్టి నేనే నమిలించుకునేదాన్ని. మధ్యాహ్నం పీరియడ్లకు వచ్చేసరికి బోర్డు మీద చెయ్యి నిలిచేది కాదు. సాయంత్రం జడ వేసుకోబోతే చేతులు పడిపోయేవి. పడుకుని లేస్తే మళ్లీ అన్నీ బాగుండేవి. ఈ జబ్బు చేసే మోసమంతా అక్కడే ఉందని అప్పుడు నాకు తెలియదు.

హనుమకొండలో ఒక దవాఖానకు వెళ్లాం. ఓపీ పొద్దున ఉంటుంది. పొద్దున నేను గుండ్రాయిలా ఉంటాను. చేతులు పైకెత్తమంటే ఎత్తాను, కళ్లు గట్టిగా మూయమంటే మూశాను. థైరాయిడ్, బీ ట్వెల్వ్, సీటీ బ్రెయిన్, అన్నీ చేశారు. "అన్నీ నార్మలేనమ్మా. ఇంట్లో టెన్షన్లేమన్నా ఉన్నాయా?" అన్నాడు డాక్టర్. సైకాలజీ కోర్సు చదువుతున్నానని చెబితే, అయితే ఇంకేం, మందు మీ దగ్గరే ఉందని నవ్వి పంపాడు. కళ్ల డాక్టర్ అద్దాలు మార్చాడు.

మా ఆయన మాత్రం నన్ను కనిపెట్టుకునే ఉన్నాడు. ఆ మాట చెప్పకపోతే పాపం. డ్యూటీ లేని సాయంత్రాల్లో జడ వేసేవాడు, వంకరటింకరగా. నమలలేనని రాగిజావ కాచి ఇచ్చేవాడు. "అన్నీ మంచిగనే ఉన్నయన్నడు గదా డాక్టర్, ఇగ ఫికరెందుకు," అంటూనే గ్లాసు నోటిదగ్గర పెట్టేవాడు.

అప్పుడు ప్రాక్టికల్స్ వచ్చాయి. ముగ్గురు చొప్పున గ్రూపులు. వారానికోసారి ఆన్‌లైన్‌లో వేరే గదిలోకి వెళ్లాలి. ఒకరు కౌన్సెలర్, ఒకరు క్లయింట్, ఇంకొకరు అబ్జర్వర్. క్లయింట్ నటించకూడదు, సొంత కష్టమే తేవాలి. అబ్జర్వర్ నోరు విప్పకూడదు, చూడాలి అంతే. ఇవి సార్ పెట్టిన రూల్స్. మా కౌన్సెలర్ మాధవి, హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో హెచ్‌ఆర్. అబ్జర్వర్ షాహీన్, మా వరంగల్ పిల్లే, ఖిలా దగ్గర ఉంటుంది. క్లయింట్‌ని నేను. కష్టం నా దగ్గర రెడీగా ఉంది కదా.

నేను మొత్తం చెప్పాను. మాధవి ఓపికగా విన్నది. ఎప్పుడు ఎక్కువవుతుందని అడిగింది. సాయంత్రం అన్నాను. సాయంత్రం ఇంట్లో ఎవరుంటారంది. మా ఆయన అన్నాను. జడ ఎవరు వేస్తారు, జావ ఎవరు కాస్తారు, ఇదివరకెప్పుడైనా ఇలా చేశాడా అని అడిగింది. లేదన్నాను.

"చూశారా రజిత గారూ, జబ్బు వచ్చాకే మీకు ప్రేమ దొరుకుతోంది. మీ శరీరం ఆ సంగతి నేర్చుకుంది," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపే రుజువంది. కన్వర్షన్ డిజార్డర్ అని పేరు పెట్టింది, అంటే మనసులో బాధ ఒంటి జబ్బులా బయటపడటం. ఇంతలో షాహీన్ ఉండబట్టలేక మైక్ ఆన్ చేసింది. "అక్కా, జర న్యూరో డాక్టర్‌కు సూపిచ్చుకోరాదా? నీ రెప్ప చూస్తుంటే నాకు భయమైతాంది," అంది. అబ్జర్వర్ మాట్లాడకూడదు కదా అని మాధవి ఆ పిల్లని మ్యూట్ చేసింది. షాహీన్ పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

మీరు అడగొచ్చు, చదువుకున్నదానివి ఎలా నమ్మావని. చదువుకున్నాను కాబట్టే నమ్మాను. ఆ పాఠం మీద నాకు ఇంటర్నల్స్‌లో మంచి మార్కులొచ్చాయి. పాఠంలో ఉన్న ఆడమనిషికీ నాలాగే రిపోర్టులన్నీ నార్మల్. పైగా సీటీ నార్మలన్నా, అందులో దొరకని బ్రెయిన్ ట్యూమరేమోనని లోపల భయం. మనసు జబ్బేలే, ప్రాణం పోదు అంటే గుండెల మీంచి బండ దించినట్టయింది. మా ఆయన నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు.

మాధవి ఒక ప్లాన్ ఇచ్చింది. దాన్ని ప్లాన్డ్ ఇగ్నోరింగ్ అంటారు. జబ్బు లక్షణం కనిపించినప్పుడు ఎవరూ పట్టించుకోకూడదు. పట్టించుకోకపోతే లక్షణం దానంతటదే చచ్చిపోతుందట. మా ఆయనతో ఫోన్‌లో తనే మాట్లాడింది. ముక్కుతో మాట్లాడితే జవాబివ్వొద్దు, ప్లేటు కింద పడితే తియ్యొద్దు, జడ వెయ్యొద్దు, జావ కాయొద్దు. ఆ రోజు ఏం జరిగిందో రోజూ తనకి వాట్సాప్‌లో చెప్పాలి. సార్‌కి ఈ ప్లాన్ తెగ నచ్చింది. క్లయింట్‌గా నా దగ్గర కన్సెంట్ తీసుకున్నారు. ఇచ్చాను, నా ఖర్మ.

"మంచిగ మాట్లాడు, అప్పుడు వింట," అనేవాడు మా ఆయన. అని మొహం తిప్పుకునేవాడు. మొదటి వారం ఆ తిప్పుకున్న మొహంలో కన్నీళ్లు చూశాను. నాలుగో వారానికి టీవీ చూసి నవ్వుకోవడం చూశాను. మనిషికి ఏదైనా అలవాటవుతుందని ఏ పుస్తకమూ చదవకుండానే నాకు అర్థమైంది. కంచంలో అన్నం నమలలేక ఉమ్మేసి, ఆకలితోనే లేచేదాన్ని. జాకెట్లన్నీ వదులయ్యాయి. స్కూల్లో పిల్లలు నా ముక్కు మాటను వెక్కిరించడం మొదలుపెట్టారు. స్టాఫ్‌రూమ్‌లో కూడా ఒకరిద్దరు నవ్వారు. బాగుపడటంలేదని మాధవికి చెబితే, నాకు బాగుపడాలని లేదేమో ఆలోచించుకోమంది. ఒళ్లు మండింది. అయినా ఆలోచించాను. అద్దం ముందు నిలబడి, ఎందుకే ఇట్లా చేస్తున్నావని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంకో మాట కూడా ఆవిడ మా ఆయనకు చెప్పిపెట్టింది. "లక్షణం పోయేముందు ఒక్కసారి బాగా ముదురుతుంది. దాన్ని ఎక్స్‌టింక్షన్ బర్స్ట్ అంటారు. అప్పుడు మీరు లొంగిపోతే ఇన్నాళ్ల కష్టమంతా వృథా."

వానాకాలం. దగ్గూ జ్వరమూ వచ్చాయి. మెడికల్ షాపులో అడిగి యాంటిబయాటిక్ తెచ్చుకుని వేసుకున్నాను. అది ఈ జబ్బుకు పడని మందని ఎవరికి తెలుసు? రెండు రోజులకే మెడ నిలవడం మానేసింది. ఆ సాయంత్రం వంటింట్లో కింద కూర్చుని పప్పుచారు అన్నం తింటున్నాను. ముద్ద గొంతులో ఆగింది. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చాయి. దగ్గుదామంటే దగ్గడానికి ఊపిరి లేదు. పిలుద్దామంటే గొంతు లేదు. చేతికందిన స్టీలు గ్లాసుతో నేలమీద కొట్టాను. ముందు గదిలో మా ఆయన టీవీ చూస్తున్నాడు. నేను కొట్టేకొద్దీ ఆయన సౌండు పెంచాడు.

తలుపు పక్కనుంచి ఆయన పాదాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. కదల్లేదు. చస్తున్నానని నాకు తెలుసు. ఆయన ప్లాన్ ప్రకారం గట్టిగా కూర్చున్నాడని కూడా తెలుసు. ఆ రెండూ ఒకేసారి తెలియడం ఎలా ఉంటుందో పగవాడికి కూడా తెలియకూడదు.

గ్లాసు చేతిలోంచి జారిపోయింది. చప్పుడు ఆగాక ఆయన లేచి వచ్చాడట. గెలిచామనుకుని, మెచ్చుకుందామని వచ్చాడట. లక్షణం ఆగితే వెంటనే మెచ్చుకోవాలన్నది కూడా ప్లాన్‌లో ఉంది.

నీలం తిరిగిపోయిన నన్ను ఎత్తుకుని, ఆటోలో వేసుకుని ఎమర్జెన్సీకి తెచ్చాడు. గొంతులో ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. నాకు స్పృహ ఉంది. రెప్పలు లేవడం లేదు, వేలు కదలడం లేదు, అంతే. నిద్రలో ఉన్నాననుకుని నర్సులు నా మంచం పక్కనే నా గురించి మాట్లాడుకున్నారు. మెంటల్ కేసట, ఏమన్నా మింగిందేమో అంది ఒకామె. అంతా విన్నాను.

మర్నాడు న్యూరాలజిస్ట్ వచ్చాడు. వేలితో నా రెప్ప ఎత్తి చూశాడు. ఇదివరకు రెండుగా కనిపించేదా, సాయంత్రానికి ఎక్కువయ్యేదా, నమలడం కష్టమయ్యేదా అని మా ఆయన్ని వరసగా అడిగాడు. అన్నింటికీ అవుననే జవాబు. నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికి నా రెప్పలు మెల్లగా లేచాయి. ఎదురుగా మా ఆయన మొహం.

"మయస్థీనియా గ్రావిస్. నరం పంపే సిగ్నల్ కండకు అందదు. వాడేకొద్దీ కండ అలిసిపోతుంది. మనసుకు దీంతో ఏం సంబంధం లేదు," అన్నాడు డాక్టర్.

"వాళ్లు చెప్పినట్టే చేసిన సార్," అన్నాడు మా ఆయన. ఆ ఒక్క మాటే మూడు నాలుగు సార్లు అన్నాడు. ఎవరు వాళ్లు అని డాక్టర్ అడిగాడు. కాలేజోళ్లు అన్నాడు. డాక్టర్ చార్టు రాసుకుని పక్క మంచానికి వెళ్లిపోయాడు.

యాంటీబాడీ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. ఐవీఐజీ అనే మందు సెలైన్‌లా నరంలోకి ఎక్కించారు. ట్యూబ్ తీశాక మొదటి గుక్క నీళ్లు మింగినప్పుడు, మళ్లీ ముక్కులోంచి వస్తాయేమోనని ఒళ్లంతా బిగబట్టుకున్నాను. స్టెరాయిడ్ మొదలుపెడితే ముందు ఇంకా నీరసించి మళ్లీ ఐసీయూకి వెళ్లాను. తర్వాత మొహం బూరెలా ఉబ్బింది, షుగర్ వచ్చింది. ఛాతీ సీటీలో థైమస్ గ్రంథి పెరిగిందన్నారు. హైదరాబాద్ తీసుకెళ్లి ఆ గ్రంథి తీసేసే ఆపరేషన్, థైమెక్టమీ, చేయించారు. ఎముక కోసి కుట్టిన గీత గొంతు కింది నుంచి పొడుగునా ఉంది.

ఇంటికి వచ్చాక షాహీన్ చూడటానికి వచ్చింది. చాలాసేపు చెయ్యి పట్టుకుని కూర్చుంది. మా గ్రూపు ప్రాజెక్టుకే క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయని, చెప్పలేక చెప్పలేక చెప్పింది. కొత్త బ్యాచ్‌కి దాన్నే మాదిరిగా చూపిస్తున్నారట. ఫోన్‌లో నాకు చూపించింది. నా పేరు తీసేసి ఆర్ అని పెట్టారు. చివర్లో ఫలితం కింద ఇలా ఉంది: "ఆరో వారం తర్వాత క్లయింట్ ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయి." ఆగవు మరి! గొంతులో ట్యూబ్ ఉన్న మనిషి ఏం ఫిర్యాదు చేస్తుంది?

దాన్ని తీసేయమని సార్‌కి రాశాను. నా ఆరోగ్యం గురించి విచారం చెప్పి, వాల్యుయేషన్ అయిపోయిందని, ఇప్పుడు మార్చడం కుదరదని రాశారు. మాధవి వాయిస్ మెసేజ్ పెట్టింది. "మీరు కోపంలో ఉన్నారు రజిత గారూ, అది సహజమే. ఆ కోపాన్ని గుర్తించడం కూడా హీలింగ్‌లో భాగమే," అంది. థూ! ఏం చదువో ఏమో. నాకూ పాసైనట్టు సర్టిఫికెట్ ఈమెయిల్‌లో వచ్చింది. క్లయింట్‌గా పూర్తిగా సహకరించానట.

ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు పైరిడోస్టిగ్మిన్, ఒకసారి అజాథయోప్రిన్. మాత్ర పనిచేసే వేళ చూసుకుని అన్నం తింటాను. కౌన్సెలర్ ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చారు, పావుగంట మాట్లాడితే నా గొంతు ముక్కులోకి పోతుంది కాబట్టి. ఇంట్లో కూర్చుని స్కూలుకి ప్రశ్నపత్రాలు తయారు చేస్తాను. నవ్వు ఇప్పటికీ సరిగా రాదు. ఫొటోల్లో ఎవరో ఒకరు, కాస్త నవ్వండి మేడమ్ అంటూనే ఉంటారు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా సాయంత్రానికి రెప్ప వాలుతుంటే, మాట మారుతుంటే, మనసు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆ సాయంత్రమే ఫోన్‌లో వీడియో తీయండి, పొద్దున ఓపీలో న్యూరాలజిస్ట్‌కి చూపించండి. జబ్బు ఇదేనని తేలినవాళ్లు రోజూ సాయంత్రం ఒక్క ఊపిరిలో పైకి లెక్కపెట్టాలి. రోజూ చేరే అంకె దాకా వెళ్లలేక, ఇరవై లోపే ఊపిరి చాలకపోతే ఆలోచించొద్దు, ఆటో పిలవండి. ఇది మా డాక్టర్ నేర్పిందే.

మా ఇంట్లో ఆ లెక్క వినేది మా ఆయన. టీవీ కట్టేసి నా ఎదురుగా కూర్చుంటాడు. ఊపిరి బాగానే ఉన్నా, ఒక్కోరోజు నేను పది దాటగానే కావాలనే ఆపేస్తాను. లేస్తాడా లేదా చూద్దామని. లేస్తాడు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెడతాడు. నటిస్తోందని అప్పుడు అందరూ అన్నారు, అబద్ధం. ఇప్పుడు నటిస్తున్నాను, నిజం. ఎన్నిసార్లు లేచినా నాకింకా నమ్మకం రాలేదు.