అయస్కాంతం ఆపినా పోని ఎడం

మా అబ్బాయి శీను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పెద్ద అయస్కాంతం దగ్గర పరిశోధన చేసేవాడు. పోయిన ఏడాది జ్వరం వచ్చి పోయాడు. "రక్తంలో ఇనుముంటదంట అక్కా, ఆ అయస్కాంతం గుంజేసుంటది" అని గురజాలలో మా పక్కింటామె అన్నది. ఆ మాట ముల్లులా దిగింది. ఇప్పుడు నా కూతురు సుజాతకు అదే చోట సీటు వచ్చింది. ఆ యంత్రాన్ని నేను చూడందే పంపనన్నాను. మా వైపు మిరప మూట కొనేవాడు పైకాయలు చూసి నమ్మడు, మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపలి కాయ తీస్తాడు. మాదీ మిరప ఇల్లే.

తెల్లవారగానే మాచర్ల బస్సెక్కాం. అక్కడ ఇడ్లీ తిని, సాగర్ మీదుగా పోయే హైదరాబాదు బస్సు పట్టుకున్నాం. టిక్కెట్లు పోను దారి ఖర్చుకు చిల్లర డబ్బులు చాలు. పరీక్ష కోసం దారానికి ఒక పిన్నీసు కట్టి తెచ్చుకున్నాను. కండక్టరు చూసి నవ్వాడు. "ఏందమ్మా అది, దిష్టికా?"

"అయస్కాంతం గుట్టు తెలుసుకోడానికి."

"అయితే మా డ్రైవరు కాడ పెట్టు. ఎక్కడ టీ కొట్టు కనపడినా బస్సుని గుంజుతున్నాడు!"

బస్సంతా నవ్వింది. "దాచవే అమ్మా, పరువు తీస్తున్నావ్" అన్నది సుజాత.

మధ్యాహ్నానికి చేరాం. శీనుతో ఒకే గదిలో ఉన్న మాచర్ల పిల్లాడు రఫీ గుమ్మంలోనే ఆపాడు. "వాచీ ఉంటే తీసి రండి పిన్నమ్మా, చెడిపోద్ది."

"వాచీ చెడిపోతే మనిషి చెడడా?"

"వాచీలోది ఉక్కు. రక్తంలో ఇనుము అట్టా ఉండదు, గుంజదు."

రెండు పెద్ద ఇనుప దిమ్మలు, వాటి నడుమ సందు. దారం వదలగానే పిన్నీసు ఎగిరి అంటుకుంది. రఫీ వద్దనేలోగా ఆ దిమ్మ పక్కన చెయ్యి పెట్టాను. చాలాసేపు ఉంచాను. ఏమీ కాలేదు. అయినా నమ్మకం కుదరలేదు.

"మావాడు ఇక్కడ ఏం చూసేవాడు?"

రఫీ ఒక పటిక ముక్క చూపించాడు. మేము బురదనీళ్ళలో తిప్పే పటికే. అందులో కొంచెం క్రోమియం కలిపి శీనే పెంచాడట. క్రోమియంలో జత లేని ఎలక్ట్రాన్లు మూడుంటాయి. అవి చిన్న అయస్కాంతాల్లాంటివి. వాటి శక్తి మెట్లను పెద్ద అయస్కాంతం విడదీస్తుంది.

"దాన్ని ఆపేస్తే కలిసిపోతాయిగా?"

"పూర్తిగా కలవవు పిన్నమ్మా. చుట్టూ ఉన్న అణువులు అన్ని వైపులా ఒకే తీరుగా లేకపోతే, అయస్కాంతం సున్నా అయినా కొంత ఎడం ఉంటది. శీను కొలిచింది అదే."

రఫీ ఆ పటికను దిమ్మల సందులో పెట్టి తిప్పబోయాడు. "నువ్వు ముట్టుకోమాక, నేనే తిప్పుతా" అన్నాను. పటికను కొద్దిగా తిప్పాను. మిషనుకు తగిలించిన కలం, ఆ ఎడం లేకపోతే ఒక్క గీత గీయాల్సిన చోట, కాగితం మీద మూడు గీసింది. ఇంకొంచెం తిప్పితే వాటి దూరం మారింది. నేను తిప్పింది పటికనే, అయస్కాంతాన్ని కాదు. అంటే చుట్టూ ఉన్నవాటి పనే.

రఫీ కళ్ళు తుడుచుకుని అన్నాడు: "జ్వరంలో కూడా ఇక్కడే కూర్చున్నాడు. మిషను మీద వంతు మళ్ళీ దొరకదన్నాడు."

"చుట్టూ మీరుండి ఏం చేశార్రా?"

"పడుకోరా అన్నా. అంతే. చెయ్యి పట్టి లేపి ఆసుపత్రికి తీసుకుపోలా."

అయస్కాంతం మీద అనుమానం పోయింది. కడుపులో ఎడం మాత్రం అట్లాగే ఉంది. రఫీని తిట్టాలనుకున్నాను, కానీ వాడూ ఎవరో తల్లి కన్న బిడ్డే. తెచ్చిన అరిసెల డబ్బా వాడి చేతిలో పెట్టాను. సుజాతను ఆడపిల్లల హాస్టల్లో దింపి, పక్క మంచం పిల్లను దగ్గరికి పిలిచి, "దీనికి ఒళ్ళు కాలితే దీని మాట వినమాక తల్లీ, లాక్కుపో" అని చెప్పి బస్సెక్కాను.

పిల్లల్ని ఇట్లాంటి చోట దింపడానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. యంత్రాన్ని చూడాలంటే వాచీ బయట పెట్టండి. యంత్రాన్ని చూడకపోయినా పరవాలేదు, పక్క మంచం వాళ్ళతో మాట్లాడకుండా మాత్రం తిరిగి రాకండి.