పౌండు పక్షాన పది వేళ్ళు

డోవర్‌లో విల్ఫ్ టాప్‌సెల్‌ని ఎరగనివాడంటూ ఉంటే, వాడు ఆ పొద్దున్నే ఫ్రాన్స్ నుంచి ఈదుకుంటూ వచ్చి ఒడ్డెక్కినవాడై ఉండాలి. మార్కెట్ కూడలిలో ముప్పై ఎనిమిదేళ్ళుగా అతనిది పేపర్ల బడ్డీ. రెండు కళ్ళూ కనపడవు. ఎలా పోయాయని అడిగితే, అడిగినవాళ్ళ గొంతును బట్టి జవాబు ఉంటుంది. పిల్లలైతే సొరచేప తోకతో కొట్టిందంటాడు. చర్చి ఫాదర్ అడిగితే, ప్రసంగంలో కునికినందుకు దేవుడు వేసిన జరిమానా అంటాడు. ఓ అమెరికన్ ముసలావిడకైతే, ఇంగ్లిష్ ఛానెల్ మధ్యలో జలకన్యను చూశాననీ, ఆ తర్వాత మరేదీ చూడాలనిపించలేదనీ చెప్పాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని ఐదు పేపర్లు కొంది. అసలు సంగతి, తొమ్మిదో ఏట వచ్చిన జ్వరం. అది మాత్రం ఎవరికీ చెప్పడు. అందులో రుచి లేదు మరి.

కళ్ళు పోతే పోయాయి గాని, ఆ వేళ్ళను చూసి ఊరు ఊరంతా గొప్పలు పోయేది. నాణెం అరచేతిలో పడీ పడకముందే అదెంతో చెప్పేసేవాడు. ఒకడు దొంగ పౌండు బిళ్ళ ఇస్తే, "దీనికి జలుబు చేసింది నాయనా, ఇంటికి తీసుకెళ్ళి కషాయం పట్టు" అని తిరిగిచ్చాడట. మేజోడులో డజను నాణేలు పోసి ఇస్తే, పైనుంచి తడిమి, "ఇది పెళ్ళికూతురు రాణి, ఇది అమ్మమ్మ రాణి" అని బొమ్మ మీది మహారాణి వయసు కూడా చెప్పేవాడట. ఇందులో సగం నిజం. ఏ సగమో డోవర్‌లో ఎవడూ చెప్పడు.

అది రెండువేల రెండో సంవత్సరం. ఆ జనవరిలోనే ఇరవై మైళ్ళ నీటికి అవతల ఫ్రాంకు పోయి యూరో వచ్చింది. మనమూ పౌండు వదులుకుందామా వద్దా అని లండన్ పెద్దలు నసుగుతున్నారు. ఓటింగ్ పెడతారని ఒక రోజు, పెట్టరని ఒక రోజు పేపర్లలో వచ్చేది. ఏది వచ్చినా అమ్మేది విల్ఫే. కోటు మీద పౌండు గుర్తు బిళ్ళ పెట్టుకుని మరీ అమ్మేవాడు.

పక్క కొట్టు డోరీన్ పిల్చర్‌ది. ఉడకబెట్టిన సముద్రపు నత్తలూ రొయ్యలూ వెనిగర్ చల్లి గిన్నెల్లో అమ్ముతుంది. మొగుడు పోయి పదేళ్ళు. గొంతు మాత్రం పోలేదు, కొండ మీది కోట దాకా వినిపిస్తుంది. పౌండు కోసం సంతకాలు పోగేస్తోంది. వాళ్ళిద్దరికీ రోజువారీ శత్రువు క్లైవ్ హాగ్‌బెన్. ఫ్రాన్స్‌లోని కలే రేవుకి వెళ్ళే ఓడలో వడ్డించే పని అతనిది. డ్యూటీకి పోతూ పేపరు కొని, ఓ పోట్లాట ఉచితంగా పట్టుకుపోతాడు.

"ఏం గురూ, ఇంకా ఆ బిళ్ళ పెట్టుకునే కూచున్నావా? మ్యూజియం వాళ్ళు వచ్చి నిన్నూ దాన్నీ కలిపి పట్టుకుపోతారు, జాగ్రత్త."

"పోనీరా. అక్కడ టిక్కెట్టైనా పౌండ్లలోనే తీసుకుంటారుగా," అన్నాడు విల్ఫ్.

"నా బాధ నీకేం తెలుసు? రోజూ సముద్రం దాటతాను. ఈ జేబులో మన డబ్బు, ఆ జేబులో వాళ్ళ డబ్బు. మార్చినప్పుడల్లా బ్యాంకువాడు ఓ ముక్క కొరుక్కుంటాడు. ఒకే డబ్బయితే ఆ కొరుకుడే ఉండదు."

"కొరికితే మనవాడేగా కొరికేది!" డోరీన్ గిన్నె ఠపీమని పెట్టింది. "రేపు మన అప్పుల మీద వడ్డీ ఎంతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూచున్న యూరో బ్యాంకు దొరలు చెబుతారు. డోవర్ రొయ్యకి మీసాలుంటాయని కూడా వాళ్ళకి తెలీదు."

"ఎన్ని సంతకాలయ్యాయి డోరీన్?" అన్నాడు క్లైవ్.

"నాలుగొందల పన్నెండు. నువ్వు పదమూడోది పెట్టు, ఓ గిన్నెడు నత్తలు ఊరికే ఇస్తా."

"లంచమా?"

"లంచం కాదురా, వెనిగర్ వేసిన దేశభక్తి."

విల్ఫ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. మహారాణి కోసం, దేశం కోసం అని అతను అందరికీ చెప్పేవాడు గాని, లోపలి సంగతి వేరు. యాష్‌ఫర్డ్‌లో మ్యూరియల్ అని అతనికో అక్క ఉంది. ఆరేళ్ళ కిందట అతను మంచులో జారి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, బడ్డీ మూసేసి తన దగ్గరకొచ్చి ఉండమని పట్టుబట్టింది. "డబ్బు గుర్తుపట్టలేని రోజు వస్తానక్కా" అని మాటిచ్చాడు. అలాంటి రోజు రాదనే ధీమా అప్పట్లో. మ్యూరియల్ చెడ్డది కాదు. మంచి గది సర్దిపెట్టింది. అయితే ఆ గదిలో కూచున్నవాణ్ణి పొద్దున్నే "ఏం గురూ" అనే నాథుడుండడు.

డెబ్బై ఒకటిలో పాత షిల్లింగులు తీసేసి కొత్త పెన్నీలు తెచ్చినప్పుడు, అమ్మ చలికాలమంతా వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి నాణేలు నేర్పింది. తప్పు చెబితే చెవి మెలిపెట్టేది. అప్పటికి అతనికి ముప్పై మూడేళ్ళు! ఇప్పుడు అమ్మ లేదు, వయసు అరవై నాలుగు. పైగా రెండేళ్ళుగా ఒంట్లో చక్కెర. వేలి చివళ్ళు మొద్దుబారాయి. ఎండాకాలంలో కూడా చేతికి ఉన్ని తొడుగు వేసుకున్నట్టే ఉంటోంది. మూలలున్న నాణేలు ఎలాగో దొరుకుతున్నాయి. రాగి రెండు పెన్నీలూ, వెండి రంగు పది పెన్నీలూ మాత్రం దాదాపు ఒకే సైజు. ఒకదాని అంచు నునుపు, ఇంకోదానిది సన్నని గరుకు. ఆ గరుకు ఇప్పుడు అందడం లేదు. అందుకే నాణేన్ని చెక్క మీద పడేసి, మోతను బట్టి పోల్చుకుంటున్నాడు. ఉన్న డబ్బుకే దిక్కు లేదు, ఇక యూరో కూడా వస్తే? ఈ సంగతి మూడో కంటికి తెలియదనుకుంటూ పౌండు బిళ్ళను ఇంకాస్త పైకి గుచ్చుకున్నాడు.

ఏప్రిల్లో ఒక శనివారం, గాలి పేపర్లను ఎగరేసుకుపోతోంది. మోత వినే వీల్లేదు. ఒకావిడ యాభై పెన్నీల బిళ్ళ ఇచ్చింది. ఎనిమిది తిరిగివ్వాలి. రెండు పెన్నీల బిళ్ళలనుకుని నాలుగు తీసి ఇచ్చాడు. "చల్లగా ఉండు విల్ఫ్" అందావిడ. అంతలో గాలి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. ఆ సందులో, అతని ముందున్న చిల్లర డబ్బాలో నాలుగు నాణేలు ఒకదాని మీద ఒకటి మెత్తగా దిగిన చప్పుడు వినిపించింది. తర్వాత తేలిగ్గా ఇంకో నాలుగు పైకి తీసిన చప్పుడు.

విల్ఫ్ కట్టెలా నిలబడిపోయాడు. తానిచ్చింది నాలుగు పది పెన్నీలన్నమాట. ఆవిడ నోరెత్తకుండా మార్చుకుని పోయింది. ఆ మెత్తటి చప్పుడు కొత్తది కాదు. చలికాలమంతా వింటూనే ఉన్నాడు, గాలికి డబ్బా కదులుతోందనుకున్నాడు.

కొట్లు కట్టేసే వేళకి డోరీన్‌తో అన్నాడు. "రేపు మ్యూరియల్ ఫోన్ చేస్తుంది. వచ్చేస్తానని చెప్పేస్తాను."

"యూరో ఇక్కడ ఇంకా పుట్టనే లేదు, అప్పుడే నీకేం పురుడొచ్చిందయ్యా?"

"యూరో కాదు డోరీన్, నా వేళ్ళు."

డోరీన్ తడి చేతులు తుడుచుకుంది. "క్రిస్మస్ నుంచీ తెలుసులే," అంది, జీవితంలో మొదటిసారి పక్కవాడికి మాత్రమే వినపడేలా.

"తెలిసీ చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

విల్ఫ్ చిల్లర డబ్బా మూత బిగించాడు.

"సోమవారం దాకా ఫోన్ ముట్టుకోకు. ముట్టుకున్నావో, నత్తల నీళ్ళు నెత్తిన పోస్తా."

ఆదివారం ఫోన్ పదకొండుసార్లు మోగింది. విల్ఫ్ చేతులు తొడల కింద పెట్టుకుని కూచున్నాడు.

సోమవారం డోరీన్ నత్తల గిన్నె ఒకటి తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. అందులో నత్తలు లేవు. గలగలమంది.

"ఏంటిది?"

"శత్రువు. నిన్న క్లైవ్ ఓడెక్కి కలే పోయొచ్చా. నాలుగొందల పన్నెండు సంతకాలు పోగేసినదాన్ని, ఆ డబ్బు చచ్చినా ముట్టనని ఒట్టేసినదాన్ని. చేతికి గ్లౌజు వేసుకునే తీసుకున్నాలే. అన్ని రకాల చిల్లరా రావాలని ఆరు కాఫీలు తాగా. రాత్రంతా గుండె డప్పు కొట్టింది. మాట్లాడక తడుము."

విల్ఫ్ ఒకటి తీశాడు. వేలు అంచు మీద నడిచింది, ఆగింది. నొక్కులు. లెక్కపెట్టాడు, ఏడు. మొద్దువేలికి కూడా మెట్లలా తగిలాయి. "ఇరవై సెంట్లట," అంది డోరీన్. ఇంకోటి తీశాడు. అంచు రంపంలా ఉంది. మరోటి కొంత గరుకు, కొంత నునుపు, మళ్ళీ గరుకు. పిడికెడు నాణేలు అటూ ఇటూ మార్చి ఇచ్చింది. ఒక్కటే తప్పాడు.

"దొంగసచ్చినోళ్ళు," అన్నాడు చివరికి. "ఎంత బాగా చేశారే!"

"నాకూ ఒళ్ళు మండింది," అంది డోరీన్. "ఓడలో కళ్ళు మూసుకుని నేనూ తడిమి చూశా. విల్ఫ్, నీ వేళ్ళు చావలేదు. మన నాణేలే మరీ నున్నగా ఉన్నాయి."

అతను ఆ ఏడు నొక్కుల నాణేన్ని వదలకుండా అడిగాడు. "అయితే నన్ను యూరోకి ఓటెయ్యమంటావా?"

"ఓటు నీ ఇష్టం. అదెప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో మహారాణికే తెలీదు. రేపు పొద్దున బడ్డీ తెరవడం సంగతి చూడు. నోరుందిగా, ఏం ఇస్తున్నారో అడుగు."

"అబద్ధం చెబితే?"

"నువ్వు వాళ్ళకి జలకన్యను అంటగట్టలేదూ? చెబితే చెప్పనీ."

అడగడం! మేజోడులో రాణి వయసు చెప్పినవాడు, చిల్లర ఎంతో అడుక్కోవడం! ఆ మాట మింగడానికి విల్ఫ్‌కి ఆ పగలంతా పట్టింది.

మర్నాడు మొదట వచ్చింది క్లైవే. వాణ్ణా అడగాలి అని విల్ఫ్ ప్రాణం ఉసూరుమంది. అయినా అడిగాడు. "ఒరే క్లైవూ, ఏం వేశావో నోటితో చెప్పు. నా వేళ్ళు పనిచెయ్యడం లేదు."

క్లైవ్ ఎగతాళి చెయ్యలేదు. "యాభై, గురూ."

"నీ ఇరవై సెంట్లు పెద్దమనిషేరా. ఒప్పుకుంటున్నాను. గుడ్డివాణ్ణి తల్చుకుని చేసిన డబ్బది."

"అయితే మా పార్టీలోకి వచ్చేశావా?"

"లేదు. పౌండుకే."

"ఎందుకయ్యా బాబూ?"

"చలికాలమంతా ఈ ఊరు నా డబ్బాలో దొంగతనంగా తిరిగి వేసింది పౌండు చిల్లరే. దాన్ని వదిలిపెట్టి పోతే మనిషినేనా?"

"యూరోలైనా వేసేవాళ్ళం కదయ్యా, మొండివాడా!" అనేసి నాలుక కరుచుకున్నాడు క్లైవ్.

విల్ఫ్ అతని గొంతు వైపు తిరిగాడు. "వేసేవాళ్ళమా? నువ్వు కూడానా?"

"పేపరు ఇస్తావా, నా ఓడ తప్పిస్తావా?" అన్నాడు క్లైవ్. ఇచ్చిందాన్ని చంకలో పెట్టుకుని, పోట్లాట పట్టుకుపోకుండానే పరిగెత్తాడు.

ఆ వారం డోవర్ మార్కెట్లో కొత్త గోల మొదలైంది. "ఇరవై విల్ఫ్!" "రెండు పదులు!" "నాది పౌండు, జలుబు లేదు!" అని ఎవరి నాణేన్ని వాళ్ళు అరిచి వేశారు. చిల్లర తానే తీసివ్వడం మానేసి, రకానికో గిన్నె పెట్టించాడు. తీసుకునేవాళ్ళు తీసుకున్నదీ అరిచి చెప్పాలి. గిన్నెలు డోరీన్‌వి. ఎంత కడిగినా వెనిగర్ వాసన పోలేదు. ఆ ఊళ్ళో సగం చిల్లరకి ఇప్పటికీ ఆ వాసనేనని చెప్పుకుంటారు.

ఆదివారం మొదటి మోతకే విల్ఫ్ ఫోన్ ఎత్తాడు.

"పోయిన వారం ఎత్తలేదేం? ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూచున్నా," అంది మ్యూరియల్. "డబ్బు గుర్తుపడుతున్నావా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మాంచి అబద్ధం, జలకన్య కంటే గొప్పది.

"లేదక్కా. పట్టలేకపోతున్నాను."

"మరి? మాటిచ్చావుగా."

"ఇచ్చాను. తప్పుతున్నాను. జనాన్ని అడుగుతున్నాను, వాళ్ళు చెబుతున్నారు. రాలేనక్కా."

అవతల మ్యూరియల్ ముక్కు చీదడం వినిపించింది.

"పొద్దున్నే ఆ గాల్లో నిలబడతావు," అంది చివరికి. "లోపల బనీను వేసుకుంటున్నావా?"