మోగని కళ్లద్దాలు

అంబాజీపేటలో కురిడీ కొబ్బరికి చిప్ప తీసే పని నాది. ఎండిన కాయను కత్తితో కొట్టి, లోపలి కొబ్బరి చితక్కుండా పైచిప్ప రాల్చాలి. దగ్గర చూపు మసకేయడంతో కిందటేడు అమలాపురంలో కళ్లజోళ్ల కొట్టుకి వెళ్లాను.

"గాజు అద్దాలు తీసుకోండమ్మా, గీతలు పడవు," అన్నారు కొట్టాయన.

"చిప్ప పెచ్చు ఎగిరొచ్చి తగిల్తేనోనండీ?"

ఆయన గాజు అద్దాలు పక్కన పెట్టేశారు. "అయితే పాలికార్బొనేట్ వేయించుకోండి, గట్టి ప్లాస్టిక్ రకం. గీతలు పడకుండా పైన పూత ఉంటుంది. అయినా గట్టిగా తగిల్తే గీత పడుద్దేమో గానీ, అంత తేలిగ్గా పగలదండి."

జోడు చేతికొచ్చిన మర్నాడు మా మేస్త్రీ గారు దాన్ని తీసుకుని, కాయ ఎండిందో లేదో మోత విని చూసినట్టే గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు.

"మోగట్లేదేంటమ్మా! ప్లాస్టిక్ అంటగట్టేరు నీకు."

పనివాళ్లంతా పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

వారం తిరక్కుండానే, ఒక మొండికాయ మీద గట్టిగా కత్తి వేశాను. చిప్ప పెచ్చు లేచి సూటిగా నా కుడికంటి మీదికి వచ్చింది. టప్పుమన్న చప్పుడుకి కెవ్వుమని కూలబడ్డాను. మేస్త్రీ గారు పరుగున వచ్చి, జోడు తీసి చూశారు. అద్దం మీద సన్నటి గీత పడింది. నా కంటికి మాత్రం ఏమీ కాలేదు.

ఆయన జోడును కండువాతో తుడిచి నా చేతికిచ్చారు. "ఆ కొట్టు ఎక్కడమ్మా?"

"ఆయ్, చెప్తానండీ. అక్కడ మాత్రం గోటితో కొట్టి చూడకండేం!"

ఈసారి పనివాళ్లంతా నవ్వింది మేస్త్రీ గారిని చూసి. ఆ గీత అద్దం మీద ఇంకా ఉంది. ఎవరైనా అద్దం మార్చుకోమన్నా, నేను మార్చను.