వాన లేదని చెప్పే గది

నా బల్ల మీది కంప్యూటరు తెరపై బాణం గుర్తు దానంతటదే కదులుతోంది. నా చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. మా చిన్న పత్రిక కార్యాలయంలో ఉన్న ఈ పాత యంత్రాన్ని ఇకపై నేను ఇంటి నుంచే తెరిచి వ్యాసాలు దిద్దుకోవచ్చట. ఆ ఏర్పాటేదో బెంగళూరులో కూర్చున్న ఒక సాంకేతిక నిపుణుడు అక్కడి నుంచే చేస్తున్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని నేను చూస్తున్నాను. బాణం ఒక్కో పెట్టె దగ్గర ఆగుతోంది, ఆలోచిస్తున్నట్టు నిలబడుతోంది, తెరుస్తోంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. దయ్యాలు లేవని ఇన్నేళ్ళుగా రాస్తున్న ఈ చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నాకు సుగుణమ్మ గారు గుర్తొచ్చారు.

ఎనభైల చివర అనంతపురంలో వానలనూ బావుల్లోని నీటినీ కొలిచి లెక్కకట్టే ఒక కార్యాలయంలో నేను పనిచేశాను. కంప్యూటరు విభాగానికి ఆమె అధికారి. చిలమత్తూరు దగ్గర ఒక క్రైస్తవ కూలి కుటుంబంలో పుట్టి, చదువుకుని, ఆ కుర్చీలోకి వచ్చిన మనిషి. ఆదివారం చర్చికి వెళ్ళేవారు. నేనేమో వారం వారం సభల్లో మతాలన్నిటినీ చీల్చి చెండాడే వాణ్ణి. "ఏమప్పా, నిన్న ఏ దేవుని పని పట్టినావు?" అని సోమవారం ఉదయం పలకరించేవారు. నేను ఆవేశంగా చెబుతుంటే టిఫిను డబ్బా మూత తీసి చిత్రాన్నం నా వైపు జరిపేవారు. నోరు నిండితే వాదన కాసేపు ఆగేది.

మా పెద్ద కంప్యూటరు అప్పటికే పాతది. ఊరంతా ఎండకు మాడిపోతుంటే దానికి మాత్రం చల్లగది. కదిరి అవతల తనకల్లులో మా చిన్న శాఖ ఉండేది. ఒక ఇంటి ముందుగదిని అద్దెకు తీసుకుని నడిపేవాళ్ళం. అక్కడి ఉద్యోగి ఓబులేసు పెరట్లోని వానమాపక గొట్టంలో పడిన నీటిని కొలిచి, ఆ అంకెను కార్డు మీద రాసి బస్సులో పంపేవాడు. తనకల్లులో ఒక చిన్న యంత్రం పెట్టి, టెలిఫోను తీగ మీదుగా దాన్ని మా పాత యంత్రంతో కలపాలని సుగుణమ్మ గారు పట్టుబట్టారు. వారాల తరబడి ఆ తీగ మీద ఈలలూ గరగరలూ తప్ప ఏమీ రాలేదు. తీరా ఒక మధ్యాహ్నం మా తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో ఓబులేసు పేరు, దాని కింద ఒక సున్నా వచ్చి నిలిచాయి. ఆ వెంటనే మామూలు ఫోను మోగింది. "మేడం, ఈడ తడితే ఆడ పడిందా?" అని అరిచాడు ఓబులేసు. "పడిందప్పా. ఆ సున్నా ఏంది?" అన్నారామె. "వాన మేడం. సున్నా. అబద్ధం రాయమంటారా?" ఫోనులో అతని నవ్వు తీగ చివరి నుంచి వచ్చినట్టు సన్నగా వినిపించింది. నేనతన్ని ముఖాముఖి చూసింది ఒకటి రెండుసార్లే. ఆ గొంతు మాత్రం బాగా గుర్తుంది.

ఆ వేసవిలోనే ఓబులేసు ఆ గదిలో, ఆ కుర్చీలోనే గుండె ఆగి చనిపోయాడు. చనిపోయిన నక్షత్రం మంచిది కాదని పంచాంగం చూసినవాళ్ళు తేల్చారు. అలాంటి చావు జరిగితే ఇంటిని నెలల తరబడి మూసేసి, గుమ్మానికి ముళ్ళకంప కొట్టి, గడువు తీరేదాకా ఎవరూ లోపలికి అడుగుపెట్టకపోవడం మనవాళ్ళ ఆచారం. నక్షత్రం అడిగి చావడానికి మనిషికి వీలుంటుందా? ఉంటే ఓబులేసు మంచిది చూసుకునే పోయేవాడు. శవాన్ని తీసిన వెంటనే ఇంటి యజమాని తలుపుకు తాళం వేసి కంప కొట్టించాడు. కిటికీ రెక్కలు బిగించాడు. తన కాపురాన్ని కూడా పక్కవీధికి మార్చుకున్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు, మిట్టమధ్యాహ్నం, మా చల్లగదిలో టెలిఫోను తీగను కంప్యూటరుకు కలిపే పెట్టె కీచుమంది. తెర మీద ఓబులేసు పేరు పడింది. దాని కింద సున్నా.

మరునాడూ అదే. ఆ పై రోజూ అదే. తనకల్లుకు మనిషిని పంపి కనుక్కున్నాం. తాళం తాళంలాగే ఉంది, కంప కదల్లేదు. కంపకు సాలెపురుగు గూడు కూడా కట్టిందట. గుమస్తా నరసప్ప అప్పటి నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి కుర్చీ గుమ్మంలోకి లాక్కుని కూర్చునేవాడు. అతడు చేసిన ఇంకో పని తలచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. తనకల్లులో వాన కొలిచేవాళ్ళు లేరు గనుక చనిపోయినవాడు పంపిన సున్నానే రోజూ సర్కారు లెక్కలో ఎక్కించేవాడు. నిజంగానే వానా లేదు. ఆకాశం ఇనప రేకులా ఉండేది. వేరుశనగ విత్తనం మూటల్లోనే ఉండిపోయింది. క్రమంగా తనకల్లులో మాట తిరిగింది: ఓబులేసు వాన లేదనడం కాదు, వద్దంటున్నాడు.

నేను వాదనకు దిగితే నరసప్ప నన్ను వదిలి సుగుణమ్మ గారిని పట్టుకున్నాడు. "మీ దేవుడు సచ్చి లేచొచ్చినాడని మీరే అంటారు కదా మేడం. మా ఓబులేసు రాకూడదా?"

"మా దేవుడు లేచొచ్చి చేపముక్క తిన్నాడంట నరసప్పా. మీ ఓబులేసును రమ్మను, కాఫీ తెప్పిస్తా" అన్నారామె. అందరూ నవ్వారు. అంతలో పెట్టె కీచుమంది, నవ్వు తెగిపోయింది. ఆ నిశ్శబ్దంలో సుగుణమ్మ గారి చెయ్యి బల్ల అంచును పట్టుకోవడం నేను చూశాను. ఆమెకూ భయమేసింది. అయినా కుర్చీ మాత్రం వెనక్కి జరపలేదు.

ఓబులేసు భార్య వెంకటలక్ష్మి ఒక రోజు కార్యాలయానికి వచ్చింది. భర్త పోయినందుకు ఆమెకు అటెండరు ఉద్యోగం ఇస్తామని పై అధికారి మాట ఇచ్చాడు. ఇప్పుడు సిబ్బంది ఒప్పుకోవడం లేదు. ఆమె వస్తే వెనకే అతడూ వస్తాడని నరసప్ప జట్టు పట్టు. గొడవ సద్దుమణగకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుందని అధికారి తేల్చేశాడు. తనకల్లులో బోరింగు దగ్గర ఆమె బిందెను ఎవరూ వరుసలో పెట్టనివ్వడం లేదు. ఉద్యోగం రాకపోతే ఆ ఊళ్ళో ఉండలేదు, వేరే ఊరికి పోవడానికి ఆధారం లేదు. ఇవన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి అడిగింది. "ఆయన పేరు వస్తాండాదంట కదా మేడం. ఒక్కసారి చూపిస్తారా?"

ఆమె భయపడి అడగలేదు. ఆశపడి అడిగింది. ఆ కళ్ళు చూశాక నాకు నరసప్ప దయ్యం చాలా చిన్నదనిపించింది.

ఆమె వెళ్ళాక నేను ఎగిరిపడ్డాను. "తాళం పగలగొడదాం మేడం. ఊరందరినీ నిలబెట్టి వీళ్ళ అజ్ఞానం బయటపెడదాం."

"పెట్టి?"

"దయ్యం లేదని తేలిపోతుంది."

"తేలుతాది. ఆ పిల్లకు మొగుడు రెండోసారి సచ్చిపోతాడు. అది నీవు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఏ సభలోనూ నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

అలా ఉండగా తనకల్లు వైపు వాన పడింది. కదిరి బస్సు బురదతో నిండి వచ్చింది. కండక్టరు చొక్కా ఇంకా తడిగానే ఉంది. మధ్యాహ్నం పెట్టె కీచుమంది. ఓబులేసు పేరు. కింద సున్నా. సుగుణమ్మ గారు ఆ సున్నా వైపు చాలాసేపు చూశారు. ఆమెకు అప్పుడే అంతా అర్థమైందని ఇప్పుడు నా నమ్మకం. అప్పుడు మాత్రం "రేపు తనకల్లు పోదాం. ఆ పిల్లకు కబురు పెట్టు" అని మాత్రమే అన్నారు.

మేము చేరేసరికి ఎండ మళ్ళీ నిప్పులు చెరుగుతోంది, నేల మాత్రం తడిగా ఉంది. వీధిలో జనం దూరంగా గోడల నీడన నిలబడ్డారు. ఇంటి యజమాని తాళంచెవిని చేతికివ్వకుండా నేల మీద పెట్టి వెనక్కి జరిగాడు. "నీవు వద్దంటే ఇట్లే ఎనక్కి పోతాం పాపా" అన్నారు సుగుణమ్మ గారు. వెంకటలక్ష్మి గుమ్మం దగ్గరికి నడిచింది. వంగి, ముళ్ళకంపను తన చేతులతోనే లాగి పక్కన పడేసింది. వేళ్ళ మీద రక్తపు చుక్కలు తేలాయి.

గది చీకటిగా, వేడిగా, మట్టివాసనతో ఉంది. కుర్చీ వీపు మీద అతని తువ్వాలు అలాగే వేలాడుతోంది. బల్ల మీద నీళ్ళు ఎండిపోయి మరక కట్టిన గాజు గ్లాసు. యంత్రం నల్లగా, చప్పుడు లేకుండా ఉంది. నేను మీట వెయ్యబోతే సుగుణమ్మ గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఏమీ ముట్టుకోవద్దు. చూస్తాండు." ముగ్గురం గోడకు ఆనుకుని నిలబడ్డాం.

ఉన్నట్టుండి తలపైన ఏదో కిర్రుమంది. ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. తువ్వాలు కుర్చీ మీద మెల్లగా కదిలింది, ఎవరో లేచి కూర్చుంటున్నట్టు. తెర మీద ఆకుపచ్చ వెలుగు పాకింది. ఎవరూ తాకకుండానే అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. నేను ప్రతి మీటనూ చూస్తున్నాను, ఏ మీటా కదల్లేదు.

"ఆయన పేరేనా మేడం?" అంది వెంకటలక్ష్మి.

"అవును పాపా."

"కింద ఆ సున్నా?"

"ఈడ వాన పడలేదని."

వెంకటలక్ష్మి నేల వైపు చూసింది. మా చెప్పుల బురద గుమ్మం నుంచి గోడదాకా అంటుకుని ఉంది.

"మొన్న అంత వాన పడింది కదా మేడం. ఆయన పడకుండా పడిందనేటోడు కాదు. పడితే పడలేదనేటోడూ కాదు." తువ్వాలు తీసి మడత పెట్టుకుంది. "ఇది ఆయన కాదు."

అప్పుడు కూచుని ఏడ్చింది. సుగుణమ్మ గారు ఆమె పక్కనే ఆ మట్టినేల మీద కూర్చున్నారు. విషయం నెమ్మదిగా, నాతో మాట్లాడినంత గౌరవంగా ఆమెకు చెప్పారు. తరచూ కరెంటు పోయి మళ్ళీ మళ్ళీ తట్టాల్సి వస్తోందని ఓబులేసు యంత్రానికి ఒక పని నేర్పిపెట్టాడు. కరెంటు రాగానే అదే అనంతపురాన్ని పిలిచి, అతని పేరు చెప్పి, చివరగా తట్టిన అంకెను పంపుతుంది. అతడు చివరగా తట్టింది సున్నా. అతడు పోయాక కొన్నాళ్ళు ఈ ఊరికి కరెంటే లేదు; ఆ తర్వాత కరువు కాలపు కరెంటు కోతల్లో వచ్చేది మధ్యాహ్నమే. చావు అంటుతుందని భయపడి ఒక్కరూ గదిలోకి రాలేదు, మీట ఆపలేదు. ఊరి భయమే ఆ గదికి తాళం వేసింది, ఆ తాళం వెనక దయ్యాన్నీ అదే పెంచింది.

కళ్ళు తుడుచుకుని వెంకటలక్ష్మి పెరట్లోకి వెళ్ళింది. వానమాపక గొట్టాన్ని ఎత్తి, కొలజాడీలోకి వంచి, కంటికి ఎదురుగా పట్టుకుని అంకె చదివింది. అతని పక్కన నిలబడి రోజూ చూసిన పనే. "మేడం, ఇది పంపండి. ఆయన పేరు మీద అబద్ధం ఉండకూడదు."

సుగుణమ్మ గారు ఆమె వేలినే పట్టుకుని అంకెల మీద పెట్టారు. ఓబులేసు పేరు మీద వాన అనంతపురం వెళ్ళింది. అక్కడ నరసప్ప కుర్చీ వదిలి వీధిలోకి పరిగెత్తాడని తర్వాత విన్నాం. ఆ తర్వాతే సుగుణమ్మ గారు యంత్రంలోంచి అతని పేరు తీసి, వెంకటలక్ష్మి పేరు పెట్టారు. ఆ గదిలో పనిచేయడానికి పోటీ వచ్చేవాళ్ళెవరూ లేరు గనుక అధికారి కూడా కాదనలేకపోయాడు. అటెండరు కాదు, వాన కొలిచే ఉద్యోగం. వరసగా వానలు కొలిచి పంపిన మనిషి బిందెను బోరింగు దగ్గర ఎవరూ పక్కకు నెట్టలేదు.

తిరుగు బస్సులో నేను సుగుణమ్మ గారిని అడిగాను. "మీకు నిన్ననే తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?" ఆమె కిటికీలోంచి ఎర్రనేలను చూస్తూ అన్నారు: "నేను చెప్పింటే నా మాట నమ్మిండేది. నరసప్ప మాట నమ్మినట్టే." నేను తర్వాత ఎన్నో వేదికలెక్కాను, ఎందరో బాబాల బూటకాలు బయటపెట్టాను. ప్రతిసారీ ముందు వరుసలో వెంకటలక్ష్మి లాంటి మనిషి కోసం వెతుకుతాను. నా ముగింపు ఆమె నోట వచ్చేదాకా ఆగడం నేర్చుకున్నాను. ఇప్పటికీ అన్నిసార్లూ చేతకాదు. సుగుణమ్మ గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆమె ఏ నక్షత్రంలో పోయారో నేను ఎవరినీ అడగలేదు.

తెర మీద బాణం ఇంకా తిరుగుతూనే ఉంది. చేతి మీద వెంట్రుకలు ఇంకా దిగలేదు. దిగకపోయినా ఫరవాలేదు, ఆమె చెయ్యి కూడా ఆ రోజు బల్ల అంచును పట్టుకునే ఉంది. నేను ఫోనులో ఆ బెంగళూరు అబ్బాయిని అడిగాను.

"అక్కడ వాన పడుతోందా నాయనా?"

బాణం ఆగింది. కుర్చీ జరిగిన చప్పుడు, కిటికీ తెరిచిన చప్పుడు వినిపించాయి.

"పడుతోంది సార్. ఇప్పుడే మొదలైంది. ఎందుకు?"