కాలవగట్టు కేక

మా చిన్నప్పుడు... బందరులో మా పేట వాలీబాల్ కోర్టులో మూర్తి బంతి లేపాడంటే, కాలవగట్టు మీద జనం "మూర్తీ..." అని సాగదీసేవారు. దానియేలు ఎగిరి కొట్టగానే "దానియేలూ!" అని ముగించేవారు. అవతలి జట్టుకి బంతి కంటే ఆ కేకంటేనే భయం.

మూర్తి స్కూలు మాస్టారి కొడుకు. దానియేలేమో చర్చి వెనక ఉండే రైతుకూలీ ఏసోబు కొడుకు. ఇద్దరూ కలిసే మిలిటరీలో చేరారు... డెబ్బై ఒకటి యుద్ధంలో ఇద్దరూ పోయారు.

మా పేట వాలీబాల్ క్లబ్బు వాళ్ళు కోర్టు పక్కన స్మారకశిల నిలబెట్టారు. ఆవిష్కరణ నాడు మా జూనియర్ జట్టంతా దాని పక్కనే వరసగా నిలబడ్డాం. రాతి మీద తెల్లగుడ్డ, గుడ్డకి తాడు. ప్రెసిడెంటు గారు ఆ తాడు మూర్తి తల్లి కామాక్షమ్మ గారి చేతికిచ్చారు. ఏసోబు ఉతికిన పంచె కట్టుకుని జనం వెనకాల నిలబడ్డాడు. అతనికో కుర్చీ వెయ్యాలని పెద్దలెవరికీ తోచలేదు.

ఆవిడ తాడు లాగలేదు. వంగి గుడ్డ అంచు ఎత్తి చూశారు... మళ్ళీ దించేశారు.

"రెండో పేరేదండీ?"

"దానియేలు మన క్లబ్బు మెంబరు కాదు కదమ్మా... పిలిస్తే వచ్చి ఆడేవాడంతే."

"మరి మావాడు లేపిన బంతులన్నీ ఎవరు కొట్టారండీ? మీరా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ప్రెసిడెంటు గారి ముఖం మాడిపోయింది. జనం చేత జోహార్లు అనిపించి గండం గట్టెక్కుదామని మైకు లాక్కుని, "అమరుడు మూర్తీ..." అని గొంతెత్తారు. ఆ కోర్టులో ఆ పేరు అలా సాగదీయకూడదని పాపం ఆయనకు తట్టలేదు.

"దానియేలూ!" అంది గట్టు మొత్తం.

ఏసోబు పైపంచెతో మొహం కప్పుకున్నాడు.

"పేరు చెక్కించండి. అప్పుడొచ్చి లాగుతాను" అని, తాడు ఆ రాతికే చుట్టేసి వెళ్ళిపోయారు కామాక్షమ్మ గారు.

ఆ గుడ్డ వానకి తడిసి, ఎండకి పెళుసై, అలాగే ఉండిపోయింది... తీసే ధైర్యం ప్రెసిడెంటుకి లేదు. చివరికి రాతిపనివాణ్ణి పిలిపించి రెండో పేరు చెక్కించాడు. ఆ రోజు తాడు ఆవిడా, ఏసోబూ కలిసి లాగారు.

పోయిన వారం క్లబ్బు వాళ్ళు ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టారు. పాత రాయి పీకేసి నల్ల గ్రానైట్ పెట్టారట. మూర్తి పేరుంది. ఆనాటి ప్రెసిడెంటు గారి మనవడే ఇప్పుడు ప్రెసిడెంటు; ఆవిష్కరించినవాడిగా అతని పేరు అంతకంటే పెద్దగా ఉంది. దానియేలు లేడు.

అడిగాను. "పాత మెంబర్లలో ఆ పేరు లేదు అంకుల్" అని జవాబు... కింద ఒక నవ్వు బొమ్మ.

జీవితమంతా యుద్ధాల చరిత్రలు చదివాను. చచ్చినవాణ్ణి రాతి మీద మళ్ళీ చంపడం ప్రతి దేశంలోనూ ఉన్న విద్యే. ఒకే మనిషిని ఒకే ఇంటివాళ్ళు తాత హయాంలో ఒకసారి, మనవడి హయాంలో ఒకసారి చంపడం మాత్రం మా పేటలోనే చూశాను. తాతకి కనీసం గట్టు మీద జనమంటే జంకు ఉండేది. ఇప్పుడు కోర్టు చుట్టూ రేకుల షెడ్డు కట్టారు... గట్టు మీంచి ఏమీ కనపడదు, ఎవరూ కూర్చోరు.

ఆ ఫొటో కింద "మూర్తీ..." అని ఒక్క మాట రాసి వచ్చాను.

ఆ గట్టు మీద కూర్చున్నవాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే... తర్వాతి మాట మీరు రాయండి.