ఆమెన్ మామ్మ హాజరైన ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో మా సంఘంలో ఎవరి పరీక్షా వాళ్ళొక్కరిదే అయ్యేది కాదు. ఇంటర్ సప్లిమెంటరీ కానీ, మోకాలి ఆపరేషన్ కానీ, ఆదివారం ఆరాధనలో లేచి ‘ప్రార్థన మనవి’ అని చెప్పామంటే అది ఇక అందరిదీ. కూరగాయల బండి దగ్గర కూడా ‘నీ సంగతి ఏమైందమ్మా, మేం ప్రార్థిస్తున్నాం’ అని నిలదీసేవారు. అంత ప్రేమ మధ్య ఫెయిలవడం చాలా కష్టం (అయ్యాను కాబట్టి చెబుతున్నాను). ఎంబీఏ ప్రవేశ పరీక్ష మొదటిసారి రాసినప్పుడు నాకు ఏ కాలేజీ నుంచీ పిలుపు రాలేదు. రెండోసారి ఓ పెద్ద కాలేజీ ఇంటర్వ్యూకి పిలిచింది. ఈసారి కూడా సీటు రాకపోతే ఊళ్ళో కాన్వెంటులో టీచరుగా చేరిపోతానని నాన్నకి మాటిచ్చాను. నాన్న రావులపాలెం మార్కెట్లో అరటి గెలల వ్యాపారం చేసేవారు. ఆయనది తక్కువ మాట్లాడే స్వభావం. ‘సరేలే’ అన్నారంటే అది తీర్పే.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో. గదిలో అభ్యర్థి ఒక్కరే ఉండాలని నిబంధన. మా ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందేది మధ్య గదిలోనే. ఆ గదికీ హాలుకీ మధ్య తలుపు లేదు, కర్టెనే (తలుపు పెట్టించాలని నాన్న ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నారు). ఇంటర్వ్యూ శుక్రవారం పడింది. అది చూసి అమ్మ, సంఘం ఆడవాళ్ళ శుక్రవారం ఉపవాస ప్రార్థనని మా హాల్లోకి మార్పించేసింది.

“అమ్మా, చిన్న శబ్దం కూడా రాకూడదమ్మా!”

“మేం హాల్లో కదే ఉండేది? మనసులోనే చేసుకుంటాంలే. నువ్వు కంగారుపడకు.”

అందరూ ఆ మాట మీద నిలబడ్డారు, ఆమెన్ మామ్మ తప్ప. ఆవిడ మాకు చుట్టం కాదు, సంఘానికంతటికీ మామ్మ. మా దగ్గర ఎవరైనా లేచి మాట్లాడుతుంటే, వాళ్ళు తడబడకుండా కూర్చున్నవాళ్ళు ‘ఆమెన్’ అంటూ ఊతమివ్వడం అలవాటు. మామ్మ దాన్ని ఒక పరిచర్యగా పెట్టుకుంది. పాస్టరుగారు ‘బైకులు గేటుకి అడ్డంగా పెట్టకండి’ అని ప్రకటించినా మామ్మ నుంచి ‘ఆమెన్’ వచ్చేది.

తెర మీద ఇద్దరు సార్లు, ఒక మేడం కనిపించారు. ‘మీ గురించి చెప్పండి’ అన్నారు. సండేస్కూల్లో కంఠత వాక్యాలు అప్పజెప్పినట్టు, బట్టీపట్టిన ఇంగ్లీషులో మొదలుపెట్టాను. నేను గోదావరి జిల్లా పల్లెటూరి అమ్మాయిని అన్నాను. కర్టెన్ వెనక నుంచి “ఆమెన్!” అని వినిపించింది. కష్టపడి పని చేసే మనిషిని అన్నాను. “ఆమెన్, స్తోత్రం!” నాలో నాయకత్వ లక్షణాలు ఉన్నాయి అనేసరికి నా గొంతే సన్నబడింది గానీ మామ్మ గొంతు పెరిగింది.

కళ్ళజోడు సారు చెయ్యెత్తి ఆపారు. గదిలో ఎవరున్నారో లాప్‌టాప్ తిప్పి చూపించమన్నారు. లాప్‌టాప్ అటు తిప్పి కర్టెన్ పక్కకి లాగాను. తలల మీద కొంగులు కప్పుకుని వరసగా మోకరించిన ఆడవాళ్ళు, అందరికంటే ముందు, కర్టెన్‌కి ఆనుకుని మామ్మ. తెర మీద పెద్దమనుషులు కనపడగానే అందరూ ఒక్కసారిగా “వందనాలండి!” అన్నారు.

“వీళ్ళు మీకు జవాబులు అందిస్తున్నారా?” అన్నారు సారు.

“లేదు సార్. వీళ్ళకి ఇంగ్లీషు రాదు.”

“మరి దేనికి ఆమెన్ అంటున్నారు?”

“నేను చెప్పేది నిజమేనని నమ్మి, సార్.”

“అర్థం కాకుండానే?”

“అవును సార్.”

“మా బోర్డు మీటింగులూ అంతే” అని మేడం నవ్వింది. సారు నవ్వలేదు. వాళ్ళని వెంటనే బయటికి పంపించాలి, లేదంటే ఇంటర్వ్యూ ఇక్కడితో ఆపేద్దాం అన్నారు.

“మామ్మా, కాసేపు వాకిట్లో కూర్చోండమ్మా.”

“ముగింపు ప్రార్థన కాకుండా లేస్తారేంటే? సండేస్కూలుకెళ్ళి ఇదేనా నేర్చుకుంది?”

“సీటు పోద్ది మామ్మా!”

“సీటిచ్చేది ఎవరే? ఆ కళ్ళజోడాయనా?”

అమ్మ గుసగుసగా, “నువ్వే చేసెయ్యవే ముగింపు, చిన్నగా” అంది. వేరే దారి కనపడలేదు. అరువు తెచ్చుకున్న కోటు మీద నుంచి చున్నీ తల మీదకి లాక్కుని, కెమెరా ఎదుటే మోకరించాను. మా దగ్గర ప్రార్థనలో ఎదురుగా ఉన్నవాళ్ళని వదిలేయకూడదు. అందుకని ఆ సార్లని, మేడంగారిని, వాళ్ళ పిల్లల్ని దీవించమన్నాను. నీ చిత్తమైతే సీటు ఇప్పించు ప్రభువా, కాకపోతే నాన్న ముందు నిలబడే ధైర్యమివ్వు అన్నాను. మామ్మ ఈసారి చాలా మెల్లగా “ఆమెన్” అంది. అందరూ వరసగా లేచి వెళ్ళారు. మామ్మ మాత్రం పోతూపోతూ తెర వైపు వంగి, “వస్తానండి బాబూ. పిల్ల మంచిదండి” అంది.

మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను, చున్నీ తల మీద ఉందన్న సంగతి మరిచిపోయి. ఏమని ప్రార్థించారు అని సారు అడిగారు. దానికి నా దగ్గర బట్టీపట్టిన జవాబు లేదు కాబట్టి, నాన్న సంగతితో సహా ఉన్నదున్నట్టు చెప్పేశాను.

“మా పిల్లల గురించి కూడానా?”

“అవును సార్. పేర్లు తెలియక విడివిడిగా చెప్పలేదు.”

అప్పుడు నవ్వారాయన. మీ నాన్నగారు చేసే వ్యాపారం ఏమిటని అడిగారు. పొద్దున ఉన్న గెల ధర మధ్యాహ్నానికి ఎందుకు పడిపోతుందో, గాలివాన వస్తే మార్కెట్లో ఎవరు ముందు అమ్ముకుంటారో, చిన్నప్పటి నుంచి భోజనాల దగ్గర విన్నదంతా చెప్పాను. ఎంతసేపు చెప్పానో నాకే తెలియదు.

సీటు వచ్చింది. నాన్న ‘సరేలే’ అని, మార్కెట్ నుంచి ఒక మంచి గెల తెచ్చి సంఘానికి పంపారు. సీటు రావడం దేవుడి కృపేనని ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాను, ఇప్పటికీ అదే చెబుతాను. “నేను ముందే ఆమెన్ అన్నాను కదే” అంది మామ్మ, అరటిపండు ఒలుచుకుంటూ.

తరవాత కొన్నేళ్ళకి మామ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను గట్టిగా మూసుకునే అద్దాల తలుపుల గదుల్లో, చాలామంది ముందు నిలబడి మాట్లాడుతుంటాను. ప్రతి ముఖ్యమైన మాట తరవాతా ఒక్క క్షణం ఆగుతాను. అలా ఆగడం ఎక్కడ నేర్చుకున్నారు మేడం, భలే ఉంటుంది అని ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు. తలుపు వైపు ఓసారి చూసి, నవ్వేసి, తరవాతి మాట అందుకుంటాను.