పిన్ని పాదానికి కంప్యూటర్ జోస్యం

ఆ రోజుల్లో నేను నేలమీద నడిచేదాన్ని కాదు. ఇరవై మూడేళ్ళు, దేశ రాజధానిలోని సాకేత్‌లో తొలి ఉద్యోగం, మెడలో ఐడీ కార్డు (కూరగాయలకు వెళ్ళినా తీసేదాన్ని కాదు). మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ను తొలిదశలోనే కోసి తీసేశాక అది మళ్ళీ వస్తుందా రాదా అన్నది, మచ్చ ఫొటోనూ ల్యాబు రిపోర్టునూ చూసి ముందే చెప్పే ప్రోగ్రామ్ తయారుచేయడం మా పని. మబ్బు పట్టిన ఉదయాల్లో మెట్రో కిటికీకి తల ఆనించి, లోకుల భవిష్యత్తంతా నా లాప్‌టాప్‌లో నిద్రపోతోందని కలలు కనేదాన్ని.

అంతలో జనక్‌పురిలో ఉండే మా పిన్నికే ఆ జబ్బు వచ్చింది. వరలక్ష్మీ వ్రతం పేరంటంలో ఆమె కాళ్ళకు పసుపూ పారాణీ పెడుతున్న పక్కింటావిడ, "ఇదేంటి వదినా, అరికాలి అంచున ఇంత నల్లగా?" అందట. పిన్ని అక్కడే ఫొటో తీయించి నాకు పంపింది. వెంటనే డాక్టరుకు చూపించమన్నాను (నేను చేసిన తెలివైన పని అదొక్కటే). ఆపరేషన్ అయ్యాక పిన్ని ఫోన్ చేసి, "మళ్ళీ రాదు కదే? నీ మిషన్‌లో చూసి చెప్పవే" అంది. సొంతవాళ్ళ వివరాలు అందులో పెట్టకూడదని ఆఫీసులో గట్టి నియమం. అయినా లంచ్ టైములో దొంగచాటుగా ఆ ఫొటో, రిపోర్టు రెండూ పెట్టేశాను. జబ్బు తిరిగి వచ్చే అవకాశం చాలా ఎక్కువని ప్రోగ్రామ్ తేల్చింది.

రెండు రోజులు పిన్ని ఫోన్ చేసినా నేను ఎత్తలేదు. కళ్ళు మూస్తే ఆమె కలిపి పెట్టిన పెరుగన్నం ముద్దలే కనిపించేవి. మెట్రోలో నా ఏడుపు ముఖం చూసి ఎవరో ఆంటీ "క్యా హువా బేటా?" అని, ఏమైందో అడిగి సీటు కూడా ఇచ్చింది. మూడోరోజు ఉండబట్టలేక మా ప్రాజెక్టు డాక్టరమ్మకు చూపించాను.

ఆవిడ ఫొటో పెద్దది చేసి, "యే పీలా క్యా హై? ఔర్ యే లాల్?" అంది, ఆ పసుపురంగేంటి, ఆ ఎరుపేంటి అని.

"హల్దీ, మేడమ్. ఎరుపేమో పారాణి, పూజకి కాళ్ళకి పెట్టుకుంటాం..." అంటూండగానే నాకు వెలిగింది. మచ్చ చుట్టూ రంగులు కలిసిపోతే ప్రమాదమని ఆ ప్రోగ్రామ్‌కి నేర్పింది నేనే. పాపం, అది ఎన్నడూ పేరంటానికి వెళ్ళి ఎరగదు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. దొంగపనికి చీవాట్లు పెట్టి, రిపోర్టు చదివి, మచ్చ పలచగానే ఉంది, పుండు పడలేదు, మంచి సంగతేనంది. రాదని మాత్రం ఎవరూ రాసివ్వలేరు, చెకప్‌లు మానకూడదంది.

సాయంత్రం జనక్‌పురి వెళ్ళి అంతా చెప్పేశాను. "అచ్ఛా! నా పసుపు చూసి జడుసుకుందా నీ మిషను!" అని పిన్ని పడీపడీ నవ్వింది. నవ్వి, నవ్వి, నెమ్మదిగా అడిగింది. "అయితే ఇక రానట్టేనా?"

"తెలీదు పిన్నీ" అన్నాను. అలా అనడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఆమె "పోన్లే, చెకప్‌కి తోడొస్తావా?" అంది.

ఇప్పటికీ వెళ్తున్నాను. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, నా కింద నలుగురు పనిచేస్తున్నారు, అయినా డాక్టరు గది తలుపు తెరుచుకోగానే నా చేతులు చల్లబడిపోతాయి. పిన్ని నా చెయ్యి పట్టుకుని, "భయపడకే, నేనున్నాగా" అంటుంది.